ఫుల్ మారథాన్ అయిన నెలలోపే టెన్‌కె ఉంటే ఎలా పరిగెత్తాలి

ఆగస్ట్ చివర్లో హైదరాబాద్ మారథాన్, అందులో ఫుల్ అంటే 42.195 కిలోమీటర్లు. చీకట్లో పీపుల్స్ ప్లాజా దగ్గర మొదలెట్టి, ఊళ్ళో ఉన్న ఫ్లైఓవర్లన్నీ ఎక్కి దిగి, ఎండలో గచ్చిబౌలి స్టేడియంలో ఫినిష్ చేసి మెడల్ మెళ్ళో వేస్కుని ఫోటో దిగుతారు, ఇంటికొచ్చి మెయిల్ చూస్తే సెప్టెంబర్‌లో ఒక టెన్‌కె కి, అంటే పది కిలోమీటర్ల రేస్‌కి, డబ్బులు ఎప్పుడో కట్టేసి ఉంటాయి, ఎర్లీ బర్డ్ (ముందే కడితే తగ్గింపు) అని ఆరు నెలల కిందట కట్టింది. ఇప్పుడు ఏం చెయ్యాలి, పరిగెత్తాలా మానెయ్యాలా, పరిగెత్తితే ఎంత గట్టిగా, మధ్యలో ఉన్న రోజుల్లో ప్రాక్టీస్ చెయ్యాలా వద్దా అని మా గ్రూప్‌లో ప్రతి ఏడాదీ ఇదే ప్రశ్న. అందుకే ఒక చోట వివరంగా రాస్తున్నా.

ముందు అసలు విషయం చెప్పేస్తా. ఈ టెన్‌కె కి కావాల్సిన ఫిట్‌నెస్ మీ ఒంట్లో ఆల్రెడీ ఉంది, నాలుగైదు నెలలు లాంగ్ రన్లు చేసి సంపాదించారు, రెండు మూడు వారాలు తక్కువ పరిగెత్తినంత మాత్రాన అది ఎక్కడికీ పోదు. లేనిదల్లా బాగుపడిన కాళ్ళు. కాబట్టి ఈ మధ్య రోజుల్లో మీ పని కొత్తగా ఏదో సంపాదించడం కాదు, ఉన్నదాన్ని చెడగొట్టుకోకుండా రేస్ రోజు దాకా తీస్కెళ్ళడం.

నేను మొదటి ఫుల్ చేసిన పద్నాలుగో రోజు టెన్‌కె కి వెళ్ళా. నొప్పులన్నీ పోయాయి, కాళ్ళు తేలిగ్గా ఉన్నాయి, మొదటి ఐదు కిలోమీటర్లు నా లైఫ్‌లో అంత ఫాస్ట్‌గా ఎప్పుడూ పరిగెత్తలేదు. ఏడో కిలోమీటర్ దగ్గర చిన్న దిగుడు వచ్చింది, అక్కడ ఎడమ పిక్కలో ఎవరో వెనక నుంచి రాయి విసిరినట్టు అనిపించింది, వెనక్కి తిరిగి చూశా కూడా, ఎవరూ లేరు. పిక్క కండరం చిరిగింది. మళ్ళీ మామూలుగా పరిగెత్తడానికి తొమ్మిది వారాలు పట్టింది. నొప్పి పోయింది కదా అనుకోవడమే నా తప్పు, నొప్పి పోవడం వేరు, కండరం మానడం వేరు.

ఎందుకంటారా. పరిగెత్తేటప్పుడు, ముఖ్యంగా దిగుడులో, తొడ ముందు కండరాలు బరువు మోస్తూనే సాగుతాయి, ఆ సాగడంలోనే కండరం పోగుల్లో సన్నటి చిరుగులు పడతాయి. 42.195 కిలోమీటర్లంటే సుమారు నలభై వేల అడుగులు, ప్రతి అడుగుకీ ఒంటి బరువుకి రెండు మూడు రెట్ల తాకిడి. ఆ నొప్పి మర్నాటి నుంచి మూడో రోజు దాకా బాగా ఉండి తర్వాత తగ్గిపోతుంది. కానీ లోపల రిపేర్ పని వారాల తరబడి నడుస్తూనే ఉంటుంది, స్నాయువులూ (కండరాన్ని ఎముకకి కట్టే తాళ్ళు) ఎముకలూ అయితే ఇంకా నిదానం, స్నాయువులకి రక్త ప్రసరణ కూడా తక్కువ. అంటే ఐదో రోజు నుంచి రెండు వారాలు దాటేదాకా మనకి బాగున్నట్టు అనిపిస్తుంది గానీ లోపల ఇంకా బాగోదు, ఆ రోజుల్లో తేలిగ్గా దెబ్బ తగలొచ్చు.

గ్యాప్ ఎంతుందో లెక్కేస్కోండి

క్యాలెండర్ తీసి మారథాన్ రోజుకీ టెన్‌కె రోజుకీ మధ్య రోజులు లెక్కపెట్టండి, అన్నీ దాని మీదే ఉంటాయి.

పది రోజుల లోపు అయితే అది రేస్ కాదు, పండగ. టీషర్ట్ తీస్కోండి, ఫ్రెండ్స్‌తో కబుర్లు చెప్పుకుంటూ నడుస్తూ కొంచెం జాగ్ చేస్తూ పూర్తి చెయ్యండి, వాచ్ ఇంట్లో పెట్టి వెళ్ళండి. అది కూడా నడకలో ఎక్కడా నొప్పి లేకపోతేనే. టెన్‌కె ని ఐదు కిలోమీటర్లకి మార్చుకునే వీలుంటే మార్చేస్కోండి.

రెండు వారాలుంటే ఈజీ రన్‌లాగా, అంటే పక్కనోళ్ళతో పూర్తి వాక్యాలు మాట్లాడగలిగే స్పీడ్‌లో. మూడు వారాలుంటే కొంచెం గట్టిగా పరిగెత్తొచ్చు గానీ చివర్లో ఒక పది శాతం దాచుకుని. నాలుగు వారాలు దాటితే, కింద చెప్పినవన్నీ సరిగ్గా ఉంటే, మనస్ఫూర్తిగా కొట్టొచ్చు, కొంతమందికి టెన్‌కె పర్సనల్ బెస్ట్ (ఇప్పటిదాకా తమ అన్నిటికంటే మంచి టైం) కూడా అప్పుడు రావచ్చు.

హాఫ్ మారథాన్ (21 కిలోమీటర్లు) సంగతి వేరు, దాన్ని టెన్‌కె తో కలిపి చూడొద్దు. ఫుల్ తర్వాత గట్టిగా హాఫ్ పరిగెత్తాలంటే నా ఉద్దేశంలో కనీసం ఐదారు వారాలు కావాలి. హైదరాబాద్‌లో ఫుల్ చేసి ఏడాది చివర్లో వైజాగ్ నేవీ మారథాన్‌లో హాఫ్ చేసేవాళ్ళకి ఈ ఇబ్బందే లేదు, చాలా టైం ఉంటుంది. అమెరికాలో ఉండే మనవాళ్ళకి మాత్రం ఒక ఇరుకు ఉంది, న్యూయార్క్ మారథాన్ నవంబర్ మొదటి ఆదివారం, థ్యాంక్స్ గివింగ్ నవంబర్ నాలుగో గురువారం, ఆ పండగ రోజు ఊరూరా టర్కీ ట్రాట్ అనే సరదా పరుగు ఉంటుంది. లెక్కేస్తే మధ్యలో ఒక ఏడాది 18 రోజులు, ఒక ఏడాది 25 రోజులు. 18 రోజులొచ్చిన ఏడాది పిల్లలతో కలిసి సరదాగా పరిగెత్తండి, 25 వచ్చిన ఏడాది కొంచెం చూస్కుని స్పీడ్ పెంచొచ్చు.

రన్నర్లలో పాత లెక్క ఒకటుంది, రేసులో పరిగెత్తిన ప్రతి మైలుకీ ఒక రోజు గట్టి పరుగు లేకుండా ఉండాలని. మారథాన్ 26 మైళ్ళు కాబట్టి 26 రోజులు. ఇది న్యూజిలాండ్ రన్నర్ జాక్ ఫోస్టర్ పేరు మీద ఉంది, ఆయన 1974 కామన్వెల్త్ గేమ్స్ మారథాన్‌లో 41 ఏళ్ళ వయసులో సిల్వర్ గెలిచాడు, 2 గంటల 11 నిమిషాల్లో. నలభై దాటాక అంత వేగంగా పరిగెత్తినాయన రెస్ట్ గురించి చెప్తే నేను చాలావరకు వింటా. మరి 2021లో అమెరికా రన్నర్ షాలేన్ ఫ్లానగన్ ఆరు మారథాన్లు 42 రోజుల్లో కొట్టింది కదా అని ఎవరో ఒకరు అంటారు, నిజమే, కానీ ఆవిడ ఒలింపిక్ మెడలిస్ట్, అన్నీ మూడు గంటల లోపే చేసినా తన అసలు రేస్ స్పీడ్ కంటే అది బాగా తక్కువే. మనం వారానికి నలభై యాభై కిలోమీటర్లు చేసి ఆఫీసుకెళ్ళేవాళ్ళం.

మొదటి మూడు రోజులు

ఫినిష్ అవ్వగానే కూర్చుండిపోకండి, పది పదిహేను నిమిషాలు నిదానంగా నడవండి. తడి బట్టలు మార్చుకోండి. అరగంట గంటలోపు ఏదో ఒకటి తినాలి, ఆకలి ఉండదు, కడుపు తిప్పుతుంటుంది, అయినా సరే అరటిపండు, ఉప్పేసిన పల్చటి మజ్జిగ, కొబ్బరి నీళ్ళు, ఏది దిగితే అది. ఓఆర్ఎస్ తాగితే ప్యాకెట్ మీద ఎంత నీళ్ళల్లో కలపాలని ఉందో అంతలోనే కలపండి, లీటర్ ప్యాకెట్‌ని గ్లాసులో కలిపి తాగితే మంచి జరగదు, పైగా కడుపు పాడవుతుంది. డబ్బాల్లో అమ్మే తియ్యటి డ్రింకులు చాలావరకు అసలు ఓఆర్ఎస్ కాదు, డబ్ల్యూహెచ్‌ఓ ఫార్ములా లేని డ్రింకుల మీద ఓఆర్ఎస్ అనే మాట వాడొద్దని 2025 అక్టోబర్‌లో ఎఫ్ఎస్ఎస్ఏఐ (దేశంలో ఆహార భద్రత చూసే సంస్థ) చెప్పింది, దాని కోసం ఏళ్ళ తరబడి పోరాడింది మన హైదరాబాద్ పిల్లల డాక్టరే.

పెయిన్ కిల్లర్ మాత్రం వేస్కోవద్దు. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటివి ఒంట్లో నీళ్ళు తగ్గి కిడ్నీలు అలిసిపోయి ఉన్నప్పుడు వేస్కుంటే కిడ్నీలకి దెబ్బ. మూత్రం కోలా రంగులో వచ్చినా, చాలా గంటల పాటు అసలు రాకపోయినా, కండరాలు భరించలేనంత వాచినా ఇంట్లో చిట్కాలు చూస్తూ కూర్చోకండి, వెంటనే హాస్పిటల్‌కి వెళ్ళాలి.

ఆ రాత్రి నిద్ర సరిగ్గా పట్టదు, కాళ్ళు లాగుతుంటాయి, ఒళ్ళంతా వేడిగా ఉంటుంది, అది మామూలే. రెండో రాత్రి పడుకోవడానికి టైం ఎక్కువ పెట్టుకోండి.

సోమవారం ఆఫీసుకి మెట్రోలో వెళ్ళేవాళ్ళకి ఒక మాట. మెట్లు ఎక్కడం వస్తుంది, దిగడం రాదు. నేను అమీర్‌పేట్‌లో రైలింగ్ పట్టుకుని ఒక్కో మెట్టూ పక్కకి తిరిగి దిగుతుంటే వెనకున్న పెద్దాయన "ఏం బాబూ, ఆపరేషనా?" అని చెయ్యి అందించాడు. లిఫ్ట్ వాడండి, అందులో తప్పేం లేదు. ఇంకోటి, చాలా ఏళ్ళు మారథాన్ అయిన కొద్ది రోజులకే వినాయక చవితి వస్తుంది, ఖైరతాబాద్ గణేషుడి లైన్‌లో గంటలు గంటలు నిలబడితే పరిగెత్తిన దానికంటే కాళ్ళు ఎక్కువ వాస్తాయి. నిమజ్జనం లోపు ఎప్పుడైనా వెళ్ళొచ్చు, మొదటి మూడు రోజులు మాత్రం వద్దు.

ఈ మూడు రోజులూ పరుగు సున్నా. రోజుకి పదిహేను ఇరవై నిమిషాలు చదునుగా ఉన్న చోట నడక, అంతే. మసాజ్ చేయించుకోవాలంటే మూడో రోజు తర్వాత, అది కూడా తేలిగ్గా, గట్టిగా పిసికే మసాజ్ ఇప్పుడు వద్దు, ఆల్రెడీ చిరిగున్న దాన్ని ఇంకా నొక్కినట్టు అవుతుంది. సాగదీసే స్ట్రెచింగ్ కూడా అంతే. బొటనవేలి గోరు నల్లబడితే దాన్ని పీకకండి, కింద కొత్త గోరు వచ్చాక అదే ఊడుతుంది, గోరు కింద రక్తం చేరి బాగా సలుపుతుంటే డాక్టర్ దగ్గరికి.

మొదటి వారం మిగతా రోజులు, తిండి

రెండో రోజు నుంచి ఆకలి విపరీతంగా వేస్తుంది, తినండి. ఇది బరువు తగ్గించుకునే వారం కాదు. కండరం మళ్ళీ కట్టుకోవాలంటే ప్రొటీన్ కావాలి, కిలో బరువుకి రోజుకి ఒకటిన్నర గ్రాము దాకా అనుకోండి, 65 కిలోలుంటే సుమారు 95 గ్రాములు. మన ఇళ్ళల్లో తిండి అన్నం వైపు ఎక్కువ, పప్పు నీళ్ళగా ఉంటుంది కాబట్టి ఈ 95 ఊరికే రాదు, లెక్క పెట్టుకుంటేనే వస్తుంది. గుడ్డుకి ఆరు గ్రాములు, పెద్ద గ్లాసు పాలకి ఎనిమిది, గట్టి పప్పు ఒక కప్పుకి ఏడెనిమిది. పొద్దున పెసరట్టు, మధ్యాహ్నం గట్టి ముద్దపప్పు పెరుగు, సాయంత్రం గుగ్గిళ్ళు లేదా పల్లీ పట్టి, రాత్రికి చికెనో చేపో పనీరో, ఇలా పంచితే సరిపోతుంది. అన్నం తగ్గించకండి, కాళ్ళల్లో ఖాళీ అయిన గ్లైకోజెన్ (కండరం దాచుకునే ఇంధనం) నిండాలంటే పిండి పదార్థమే కావాలి, దెబ్బతిన్న కండరంలో అది నిండడానికి మామూలు కంటే ఎక్కువ రోజులు పడుతుంది.

నాలుగో రోజో ఐదో రోజో సైకిల్ ఇరవై నిమిషాలు తేలిగ్గా తొక్కొచ్చు, ఒరిపిడి పుండ్లు మానితే ఈత కూడా బాగుంటుంది. మొదటి పరుగు ఆరో రోజు ముందు వద్దు. ఆ పరుగు కూడా ఇరవై నిమిషాలు, చదును రోడ్డు మీద, మెత్తటి మట్టి దారి దొరికితే ఇంకా మంచిది. చేసే ముందు ఒక టెస్ట్: మెట్లు రైలింగ్ పట్టుకోకుండా దిగగలగాలి, ఒంటి కాలి మీద పది సార్లు గెంతితే ఎక్కడా పోటు రాకూడదు. రెండిట్లో ఏది రాకపోయినా ఇంకో రెండు రోజులు ఆగండి.

సరిగ్గా ఈ వారం చివర్లోనే ఫోన్ వస్తుంది. మా వాడొకడు ప్రతిసారీ చేస్తాడు, "అన్నా, కాళ్ళు ఫ్రీ అయినయ్, ఆదివారం ఒక పదిహేను కొడ్దామా" అని. వద్దు తమ్ముడూ అని చెప్పండి. జలుబూ జ్వరం కూడా ఈ రోజుల్లో పట్టుకోవచ్చు, ఒంట్లో శక్తంతా రిపేర్‌కి పోతుంది, పైగా బయట వానాకాలం. గుంపుల్లోకి తక్కువ వెళ్ళండి, జ్వరం ఉంటే పరుగు ఆలోచనే వద్దు.

రెండో వారం

మూడు లేదా నాలుగు పరుగులు, ఒక్కోటీ మూడు నుంచి ఆరు కిలోమీటర్లు, వారం మొత్తం కలిపి ఇరవై దాటకూడదు. అన్నీ మాట్లాడే స్పీడ్‌లోనే. గుండె మామూలు కంటే ఎక్కువ కొట్టుకుంటుంది అదే స్పీడ్‌కి, కంగారు పడొద్దు, స్పీడే తగ్గించండి.

పొద్దున లేవగానే మంచం మీదే పల్స్ చూస్కునే అలవాటు ఈ వారం నుంచి పెట్టుకోండి. వాచ్ ఉంటే అదే చూపిస్తుంది, లేకపోతే మణికట్టు పట్టుకుని నిమిషం లెక్కపెట్టండి. మీకు మామూలుగా 58 ఉంటే, 65 దాటి వరసగా రెండు మూడు రోజులు వస్తుంటే ఒళ్ళు ఇంకా కోలుకోలేదని, ఆ రోజు పరుగు తీసేసి నడకో నిద్రో.

నొప్పులకి కూడా ఒక లెక్క ఉంది. తొడ అంతా, పిక్క అంతా, రెండు కాళ్ళకీ ఒకేలా పట్టేసినట్టు ఉంటే అది మామూలు అలసట. ఒకే కాలికి, ఒకే చోట, వేలితో చూపించగలిగే నొప్పి ఉంటే, ముఖ్యంగా ముంగాలి ఎముక మీదో పాదం పైనో, పరిగెత్తే కొద్దీ పెరుగుతుంటే, రాత్రి పడుకున్నా ఉంటే, అది స్ట్రెస్ ఫ్రాక్చర్ (ఎముకలో సన్నటి పగులు) కావచ్చు. టెన్‌కె సంగతి మర్చిపోయి ఆర్థోపెడిక్ దగ్గరికి వెళ్ళండి. మొదట్లో ఎక్స్‌రేలో కనపడకపోవచ్చు కూడా, అవసరమైతే ఎంఆర్ఐ రాస్తారు.

మూడో వారం

ఇక్కడ కాళ్ళు గుర్తు తెచ్చుకోవాలి. మారథాన్ కోసం నెలల తరబడి ఒకే నిదానం స్పీడ్‌లో పరిగెత్తి పరిగెత్తి కాళ్ళకి వేగంగా తిరగడం అలవాటు తప్పుతుంది, అది మళ్ళీ రావాలంటే గట్టి ట్రెయినింగ్ అక్కర్లేదు, స్ట్రైడ్స్ చాలు. ఈజీ రన్ అయ్యాక చదునుగా ఉన్న చోట ఇరవై సెకన్లు వేగంగా, కానీ బిగుసుకోకుండా, భుజాలు వదులుగా పెట్టి పరిగెత్తడం, నిమిషంన్నర నడక, మళ్ళీ ఇంకోటి, మొత్తం నాలుగు. వారంలో రెండు సార్లు. మొదటి రోజు రెండో స్ట్రైడ్‌కే కాళ్ళు కొయ్యల్లా ఉంటాయి, రెండో రోజుకి తేడా మీకే తెలుస్తుంది.

వారం మధ్యలో ఒక్కటే ఒక్క గట్టి పరుగు: రెండు కిలోమీటర్లు నిదానంగా, తర్వాత ఎనిమిది నిమిషాలు కొంచెం కష్టంగా, అంటే రెండు మూడు మాటలు తప్ప మాట్లాడలేనంత, మూడు నిమిషాల జాగ్, మళ్ళీ ఎనిమిది నిమిషాలు, చివర నిదానంగా ఒక కిలోమీటర్. మిగతావి ఐదు నుంచి ఎనిమిది కిలోమీటర్ల ఈజీ రన్లు. మొత్తం మీద మీ మామూలు వారంలో సగం, మహా అయితే అరవై శాతం. లాంగ్ రన్ వద్దు, ఈ నెలలో మీకు లాంగ్ రన్‌తో పని లేదు. కొండలూ ఫ్లైఓవర్లూ కూడా వద్దు, ఎక్కుడు పర్వాలేదు గానీ దిగుడు దగ్గరే కదా మొన్న కాళ్ళు పోయింది.

మూడు వారాలు గడిచినా మెట్లెక్కితే ఆయాసం, ఎప్పుడూ నీరసం, చిరాకు ఉంటే ఒకసారి హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ) టెస్ట్ చేయించుకోండి. ముఖ్యంగా ఆడవాళ్ళు. మన దగ్గర ఆడవాళ్ళల్లో రక్తం తక్కువ ఉండటం చాలా మామూలు, దానికి తోడు లాంగ్ డిస్టెన్స్ పరుగు, ఎంత రెస్ట్ తీస్కున్నా ఐరన్ లేకపోతే కాళ్ళు కదలవు.

రేస్ వారం

నాలుగు వారాల గ్యాప్ ఉండి, ఆదివారం రేస్ అనుకుందాం. మంగళవారం వార్మప్ చేసి మూడు సార్లు ఒక కిలోమీటర్ చొప్పున రేస్ స్పీడ్‌లో, మధ్యలో మూడేసి నిమిషాల నడక లేదా జాగ్. అది కష్టంగా అనిపించకూడదు, ఇంకో రెండు కొట్టొచ్చు అనిపించే చోట ఆపెయ్యాలి. గురువారం నాలుగు కిలోమీటర్లు ఈజీగా, చివర నాలుగు స్ట్రైడ్స్. శుక్రవారం రెస్ట్. శనివారం పదిహేను నిమిషాల జాగ్, లేదా అదీ వద్దు.

రేస్ స్పీడ్ ఎంతని ఎలా తెలుస్తుంది? దీనికి మీ మారథాన్ టైమే పనికొస్తుంది. పీటర్ రీగల్ అనే ఇంజనీర్ లెక్క ఒకటుంది, దూరం మారితే టైం ఎలా మారుతుందో చెప్పేది, దాని ప్రకారం ఫుల్ 4 గంటల్లో చేసినోళ్ళకి టెన్‌కె సుమారు 52 నిమిషాలు, నాలుగున్నర గంటలకి 58 నిమిషాల 40 సెకన్లు, 5 గంటలకి 65 నిమిషాలు. మనలాంటి తక్కువ మైలేజ్ వాళ్ళం మారథాన్ చివరి పది కిలోమీటర్లలో బాగా నెమ్మదిస్తాం కాబట్టి ఒంట్లో ఉన్న అసలు టెన్‌కె ఇంతకంటే ఒకట్రెండు నిమిషాలు వేగంగానే ఉండొచ్చు. కానీ ఇంకా పూర్తిగా కోలుకోని నెల ఇది, కాబట్టి ఆ లెక్కలో వచ్చిన టైమే టార్గెట్ పెట్టుకోండి, ఎక్కువ ఆశ పడొద్దు. 58:40 అంటే కిలోమీటర్‌కి 5:52.

షూస్ ఒకసారి తిరగేసి చూడండి. ఫుల్‌లో వేస్కున్న జత మడమ పక్క అరిగిపోయి ఉంటే మార్చాలి, కానీ కొత్తవి రేస్ రోజు మొదటిసారి వెయ్యొద్దు, కనీసం మూడు నాలుగు పరుగులు చేసి ఉండాలి. కార్బన్ ప్లేట్ షూస్ (అడుగున గట్టి కార్బన్ రేకు ఉండేవి) వేగం ఇస్తాయి గానీ పాదానికీ పిక్కకీ పని తీరే మారుస్తాయి, వాటిల్లో అలవాటు లేకపోతే కోలుకుంటున్న కాళ్ళతో ఆ ప్రయోగం ఇప్పుడు వద్దు.

తిండి విషయంలో ఫుల్‌కి ముందు చేసినట్టు మూడు రోజులు అన్నం నింపక్కర్లేదు. శనివారం రాత్రి మామూలు భోజనం, కారం నూనె తక్కువగా, పెరుగన్నం అయినా చాలు.

రేస్ పొద్దున

ఇక్కడ ఫుల్ చేసినోళ్ళు ఒక తప్పు చేస్తారు, నిద్ర లేచి నేరుగా స్టార్ట్ లైన్‌కి వచ్చి నిలబడతారు. ఫుల్‌లో మొదటి ఐదు కిలోమీటర్లే వార్మప్, టెన్‌కె లో అలా కుదరదు, మొదటి కిలోమీటర్ నుంచే ఊపిరి మీద పని పడుతుంది, చల్లటి కండరం మీద ఆ పని పెడితే నా పిక్కకి అయిందే అవుతుంది. స్టార్ట్‌కి నలభై నిమిషాల ముందు పది పన్నెండు నిమిషాలు జాగ్, తర్వాత కాళ్ళు ముందుకీ వెనక్కీ ఊపడం, మోకాళ్ళు పైకి లేపుతూ నడక, చివర మూడు నాలుగు స్ట్రైడ్స్. స్ట్రైడ్స్‌లో ఎక్కడైనా ఒక పక్క లాగుతుంటే ఆ రోజు రేస్ కాదు, ఈజీ రన్. ఈ నిర్ణయం స్టార్ట్ లైన్ ముందే తీస్కోవాలి, గన్ పేలాక తీస్కోలేరు.

టిఫిన్ రెండు రెండున్నర గంటల ముందు, రెండు ఇడ్లీలు లేదా అరటిపండూ బ్రెడ్డూ, కాఫీ అలవాటుంటే కాఫీ. జెల్స్ (పరుగు మధ్యలో తినే తియ్యటి ఎనర్జీ ప్యాకెట్లు) అక్కర్లేదు, గంట పరుగుకి ఒంట్లో ఉన్నది చాలు. ఒకటి గుర్తుంచుకోండి, ఫుల్ చీకట్లో మొదలవుతుంది, టెన్‌కె చాలా చోట్ల ఏడింటికి ఆ ప్రాంతంలో వదులుతారు. సెప్టెంబర్‌లో అప్పటికే ఉక్క. ఐదో కిలోమీటర్ దగ్గర రెండు గుక్కలు తాగండి, మిగతా నీళ్ళు తల మీద పోస్కోండి.

మొదటి రెండు కిలోమీటర్లు టార్గెట్ కంటే పది సెకన్లు నెమ్మదిగా. 5:52 టార్గెట్ అయితే 6:02. కష్టంగా ఉంటుంది ఇది, మారథానర్‌కి మొదటి కిలోమీటర్ నడకలాగా అనిపిస్తుంది, చుట్టుపక్కల కుర్రాళ్ళు దూసుకుపోతుంటారు, పోనివ్వండి. మూడు నుంచి ఐదు దాకా టార్గెట్ స్పీడ్. ఇక్కడ ఊపిరి గట్టిగా వస్తుంటుంది, నెలల తరబడి హాయిగా మాట్లాడుకుంటూ పరిగెత్తిన మనకి ఆ ఆయాసం భయం వేస్తుంది, ఏదో తేడాగా ఉందేమో అనిపిస్తుంది. టెన్‌కె అంటే అలాగే ఉంటుంది. ఆయాసం వస్తే రానివ్వండి, కాళ్ళు ఎలా ఉన్నాయో మాత్రం చూస్కుంటూ ఉండండి.

ఆరు, ఏడు అన్నిటికంటే కష్టం. ఫినిష్ కనపడదు, మొదట్లో ఉన్న ఊపు ఉండదు, ఫుల్ తాలూకు అలసట బయటపడేది కూడా ఇక్కడే, తొడలు ఒక్కసారి బరువెక్కుతాయి. అడుగు చిన్నది చేసి చేతులు కొంచెం వేగంగా ఊపండి, కాళ్ళు వాటి వెనకే వస్తాయి. దిగుడు వస్తే మడమ మీద బ్రేక్ వేస్తూ దిగకండి, వేగం కూడా పెంచకండి, చిన్న అడుగులు. ఎనిమిది దాటాక అన్నీ బాగుంటే, అప్పుడు తియ్యండి. నాలుగు వారాలు ఆగి వెళ్ళిన ఏడాది ఎనిమిదో బోర్డ్ దగ్గర నాకు తొడల్లో ఇంకా ఏదో మిగిలుందని తెలిసింది, ఆ చివరి రెండు కిలోమీటర్లలో ముందు పోయిన వాళ్ళని ఒక్కొక్కళ్ళనే దాటుకుంటూ రావడం, మొత్తం 55 నిమిషాల 20 సెకన్లు, ఆ రోజు ఫినిష్ దగ్గర కళ్ళల్లో నీళ్ళొచ్చాయి, ఫుల్ అయినప్పుడు కూడా రాలేదు.

మధ్యలో గుచ్చినట్టు నొప్పి వచ్చినా, నొప్పి వల్ల అడుగు తీరు మారి కుంటుతున్నా ఆపెయ్యండి. ఎయిడ్ స్టేషన్‌లో వాలంటీర్ పిల్లలు స్ప్రే కొడతారు, చల్లగా ఉంటుంది, నొప్పి తెలీదు, అదే ప్రమాదం. స్ప్రే కొట్టించుకుని పరిగెత్తాల్సి వస్తే అక్కడ నుంచి నడిచి రండి.

అయ్యాక

పది నిమిషాల నడక, తిండి, నీళ్ళు, అన్నీ మొదట చెప్పినట్టే, చిన్న మోతాదులో. తర్వాత నాలుగైదు రోజులు ఈజీ మాత్రమే. నెల రోజుల్లో రెండు రేసులు ఒంటి మీద పడ్డాయి కాబట్టి మూడో బిబ్ (రేస్ నంబర్) కి డబ్బులు కట్టకుండా ఒక నెల ఆగండి, ఎర్లీ బర్డ్ డిస్కౌంట్ పోతే పోయింది. పొద్దున పల్స్ మామూలుకి వచ్చాక లాంగ్ రన్ పది కిలోమీటర్ల నుంచి మొదలెట్టి వారానికి ఒకట్రెండు చొప్పున పెంచుకుంటూ వెళ్ళండి, మూడు వారాలు పెంచితే నాలుగో వారం తగ్గించండి. జనవరి మూడో ఆదివారం ముంబై మారథాన్ పెట్టుకున్నవాళ్ళకి సెప్టెంబర్ చివరి నుంచి సుమారు పదహారు వారాలుంటాయి, మొదటి రెండు వారాలు ఊరికే ఈజీగా పోయినా ఇంకా పద్నాలుగు చేతిలో ఉంటాయి.